బాప్తిస్మానికి వచ్చిన వయసు ఓటుకు రాదా?

బెల్‌ఫాస్ట్ బాప్టిస్టు సంఘాల్లో యౌవనస్థుల ప్రస్తావన వస్తే చాలు, ఒక వాదన తయారుగా ఉంటుంది. పిల్లలకు మందిరంలో విసుగు పుడుతోంది, బయట ఆకర్షణలు ఎక్కువయ్యాయి, కాబట్టి జీతమిచ్చి ఒక యూత్ పాస్టర్‌ను పెట్టాలి, పాటల తీరు మార్చాలి, శుక్రవారం సాయంత్రాలు ఇంకా సందడిగా జరపాలి అంటారు. ఈ మాటల వెనుక భయం ఉంది, ఆ భయానికి ఆధారమూ ఉంది. ఉత్తర ఐర్లండ్‌లో తమకు ఏ మతమూ లేదని చెప్పుకున్నవాళ్లు 2011 జనాభా లెక్కల్లో 10.1 శాతం, 2021 నాటికి 17.4 శాతం అయ్యారు. ఇంగ్లండ్, వేల్స్‌లలో అదే ఏడాది వాళ్లు 37.2 శాతం. స్కాట్లండ్‌లో 2022 లెక్కల్లో సగం దాటిపోయారు. ఆదివారం మందిరానికి వెళ్లడం ఇంకా చాలా ఇళ్లలో ఆచారంగా నిలిచివున్న బెల్‌ఫాస్ట్‌లో ఈ అంకెలు చూసి పెద్దలు కలవరపడటంలో తప్పులేదు. అయితే రోగం నిజమైనంత మాత్రాన రాసిన మందు సరైనదైపోదు. బాప్టిస్టు సంఘం తన పిల్లలకు వినోదం తక్కువ చేసిందని నేను అనుకోను. తన సొంత సిద్ధాంతం ప్రకారం వాళ్లకు చెందాల్సిన బాధ్యతను వాళ్ల చేతికివ్వలేదు. లోపం అక్కడుంది.

ఒక పదిహేనేళ్ల అమ్మాయి బాప్తిస్మం అడిగిందనుకోండి. సంఘం దాన్ని తేలిగ్గా తీసుకోదు. ఇద్దరు పెద్దలు ఆమెతో కూర్చుని మాట్లాడతారు. రక్షణ అంటే ఏమిటో, తన నిర్ణయం ఎవరి ఒత్తిడి మీదా తీసుకున్నది కాదో అడిగి తెలుసుకుంటారు. ఆ ఆదివారం వేదిక మీది పలకలు తీసి కింద ఉన్న తొట్టిని నీళ్లతో నింపుతారు. ఆమె అందరి ముందూ సాక్ష్యం చెప్పి, నీళ్లలో మునిగి లేస్తుంది. తర్వాత ప్రభువు బల్ల దగ్గర పాస్టరు ఆమెకు కుడిచెయ్యి ఇచ్చి సభ్యురాలిగా చేర్చుకుంటారు. ఇక సంఘ సభ రోజు చూడండి. మందిరం పైకప్పు బాగుచేయాలా, కొత్త పాస్టరును పిలవాలా, మిషనరీకి పంపే మొత్తం పెంచాలా అన్న ప్రశ్నలు బల్ల మీదికి వస్తాయి. కొన్ని సంఘాల నియమావళిలో ఓటుకు వయోపరిమితి రాసి ఉంటుంది. రాయని చోట ఆచారమే ఆ పని చేస్తుంది: ఆ సాయంత్రం పిల్లలు వెనక హాల్లో టేబుల్ టెన్నిస్ ఆడుతుంటారు, సభ ముగిశాక టీ, ట్రేబేక్స్ సమయానికి లోపలికొస్తారు. నిత్యజీవానికి సంబంధించిన నిర్ణయం సొంతంగా తీసుకోగలదని సంఘమే పరీక్షించి ఒప్పుకున్న మనిషి, పైకప్పు విషయంలో మాట్లాడేంత పెద్దది కాదన్నమాట. శిశు బాప్తిస్మమిచ్చే సంఘానికి ఈ చిక్కు లేదు. అక్కడ పసిబిడ్డను ముందు చేర్చుకుని, ఎదిగాక నిర్ధారణతో పూర్తి చేస్తారు. మనం ఆ పద్ధతిని కాదని వేరుపడ్డవాళ్లం. విశ్వసించినవాడికే బాప్తిస్మం, బాప్తిస్మం పొందినవాళ్ల సభే సంఘం అని చెప్పుకుని, ఆ సభలోంచి కొందరిని వయసు చూసి తప్పించడం మనకు చెల్లదు.

మన చరిత్ర కూడా ఇటే మొగ్గుతుంది. పేరుమోసిన బాప్టిస్టు ప్రసంగీకుడు స్పర్జన్ 1850 మేలో లార్క్ నదిలో బాప్తిస్మం పొందినప్పుడు ఆయనకు 15 ఏళ్లు. మరుసటి ఏడాదే, 17 ఏళ్లకు, వాటర్‌బీచ్ అనే పల్లె సంఘం ఆయన్ను కాపరిగా పెట్టుకుంది. 19 ఏళ్లకు లండన్‌లోని న్యూ పార్క్ స్ట్రీట్ సంఘం పిలిచింది. 1858లో బెల్‌ఫాస్ట్ వచ్చి ప్రసంగించేనాటికి ఆయన వయసు 24. స్పర్జన్‌వంటి ప్రతిభ నూటికొకరికి కూడా ఉండదనేది నిజమే, కానీ నేను చెప్తున్నది ఆయన గొప్పతనం గురించి కాదు. వాటర్‌బీచ్‌లో ఆ రోజు ఓటేసిన మామూలు రైతులూ కూలీలూ ఒక కుర్రవాణ్ని నమ్మారు. ఆ నమ్మకం లేకపోతే ఆ ప్రతిభ ఎక్కడ తేలేదో ఎవరికీ తెలియదు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే బెల్‌ఫాస్ట్‌కు వాయవ్యంగా కొద్ది దూరంలో కెల్స్ ఉంది. అల్స్టర్ ప్రసంగీకులు ఇప్పటికీ పదేపదే తలుచుకునే 1859 ఉజ్జీవం మొదలైంది అక్కడి పాత బడిలో, 1857 చివర్లో నలుగురు యువకులు కూడిన ప్రార్థన సభతో. వాళ్లలో ఒకడైన జేమ్స్ మెక్విల్కిన్‌ను కదిలించింది బాలిమీనాలో పరిచర్య చేస్తున్న ఒక బాప్టిస్టు స్త్రీ మాటలు. కానర్ గ్రామ ప్రెస్బిటీరియన్ పాస్టరు మూర్ ఆ కుర్రాళ్లకు కాలక్షేపం ఏర్పాటు చేయలేదు. ఊరివాళ్ల ఆత్మల కోసం మీరేదైనా పని మొదలుపెట్టండని పురమాయించారు. వాళ్లు ముందు సండే స్కూలు పెట్టారు, ఆ పని భారంలోంచే ప్రార్థన సభ పుట్టింది. ఈ కథను యువజన సభల్లో ఎన్నిసార్లు వినిపించినా, అందులో పాస్టరు చేసిన ఆ ఒక్క పనిని మాత్రం మనం దాటేస్తుంటాం.

తెలుగు బాప్టిస్టులకు ఈ విషయం మరో దారిలో బాగా తెలుసు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 28 ఏళ్ల వయసులో 1865లో తెలుగునేలకు వచ్చాడు. 1867 జనవరి 1న ఎనిమిది మంది సభ్యులతో ఒంగోలు సంఘం మొదలైంది. గొప్ప కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో దిగినవాళ్లు ఎక్కువమంది నిరుపేద మాదిగలు, చదువు లేనివాళ్లు. వాళ్ల విశ్వాసం సరైనదని మిషన్ ఒప్పుకుంది, లెక్కలో రాసుకుంది, అమెరికాకు కబురు పంపింది. కానీ సంఘాల ఆస్తి, అధికారం ఎవరి చేతుల్లో ఉండాలన్న ప్రశ్న వచ్చేసరికి, తెలుగువాళ్లు ఇంకా పక్వానికి రాలేదన్న జవాబు తరాల తరబడి వినిపించింది. తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం నెల్లూరు కేంద్రంగా ఏర్పడింది 1962లో, గుండ్లకమ్మ బాప్తిస్మాలకు 84 ఏళ్ల తర్వాత. నమ్మడానికి తగినవాళ్లు, నడపడానికి తగనివాళ్లు అన్న ఆ లెక్క అన్యాయమని తెలుగు క్రైస్తవులు ఎంతో కాలంగా చెప్తున్నారు. ఇప్పుడు అదే లెక్కను మన ఇళ్లలోని పదిహేనేళ్ల పిల్లలకు మనమే వర్తింపజేస్తే, ఆ ఫిర్యాదుకు బలం ఎక్కడిది? పక్వత రావడానికి ముందు బాధ్యత మీద పడాలన్నది మిషన్ చరిత్ర నేర్పిన పాఠం. అది రంగు, కులం విషయంలో నిజమైతే వయసు విషయంలోనూ నిజమే.

వినోదం మీద ఆశ పెట్టుకున్నవాళ్లు ఒక అధ్యయనాన్ని చదవాలి. అమెరికాలోని ఫుల్లర్ యూత్ ఇన్‌స్టిట్యూట్ యౌవనస్థులు నిలిచి ఎదుగుతున్న 250కి పైగా సంఘాలను పరిశీలించి 2016లో ఒక పుస్తకం ప్రచురించింది. ఆ సంఘాలకు పెద్ద భవనాలు, పెద్ద బడ్జెట్లు, ఆర్భాటమైన కార్యక్రమాలు అవసరం కాలేదని అందులో తేలింది. వాటిలో కనిపించిన లక్షణాల్లో మొదట చెప్పినది, నాయకులు తమ దగ్గరున్న తాళంచెవుల గుత్తిని, అంటే అధికారాన్ని, యువతతో పంచుకోవడం. ఆ అధ్యయనం బాగా నడుస్తున్న సంఘాలనే ఎంచుకుంది, అది కూడా అమెరికాలో, కాబట్టి దాన్ని బెల్‌ఫాస్ట్‌కు యథాతథంగా అతికించకూడదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. కానీ కార్యక్రమాలు పెంచితే పిల్లలు నిలుస్తారనే నమ్మకానికి ఆ మాత్రం సాక్ష్యం కూడా లేదు. ఆకర్షణలో ఫోనుతో, ఫుట్‌బాల్‌తో సంఘం ఎన్నడూ పోటీ పడలేదు. పద్దెనిమిదేళ్లు రాగానే గ్లాస్గోకో లివర్‌పూల్‌కో చదువుకు వెళ్లే పిల్లల్లో అక్కడ కొత్త సంఘం వెతుక్కునేదెవరు? వెనక హాల్లో ఆరేళ్లు ఆడుకున్నవాళ్లకంటే, పాస్టరు పిలుపు మీద ప్రార్థించి చెయ్యెత్తిన అనుభవం ఉన్నవాళ్లే ఆ పని చేస్తారని నేను నమ్ముతున్నాను.

దీనికి వినిపించే అభ్యంతరాల్లో బలమైనది వాక్యం నుంచే వస్తుంది. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవాణ్ని అధ్యక్షుడిగా పెట్టకూడదని పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రికలోనే ఉంది కదా అంటారు. ఉంది, ఆ హెచ్చరికను నేను పూర్తిగా అంగీకరిస్తాను. కానీ అది పెద్దల పదవి గురించి, సభ్యత్వం గురించి కాదు. పైగా ఆ పత్రిక అందుకున్న తిమోతినే, నీ యౌవనాన్ని బట్టి ఎవరూ చులకన చేయకుండా చూసుకోమని పౌలు హెచ్చరించాడు. పదహారేళ్లవాళ్లను పెద్దలుగా నియమించమని ఎవరూ అడగడం లేదు. సభ్యుల్ని సభ్యులుగా చూడమంటున్నాం. రెండోది చట్టం. ధర్మసంస్థ ట్రస్టీల మీద పడే బాధ్యతకు కనీస వయసు ఉంటుంది, దాన్ని పాటించాల్సిందే. కానీ సభలో మాట్లాడటానికి, సంఘం తనంతట ఇచ్చే ఓటుకు ఆ నియమం అడ్డురాదు. పిల్లల భద్రత నియమాలు పెద్దలూ పిల్లలూ కలవడాన్ని కష్టం చేశాయన్న మాట కూడా వింటుంటాం. ఆ నియమాలు ఎంతో అవసరం. సభ్యులందరూ ఉన్న వెలుతురు గదిలో జరిగే సంఘ సభ కంటే వాటికి అనుకూలమైన చోటు మరొకటి కనిపించదు. పిల్లలు అమ్మానాన్నలు చెప్పినట్టే ఓటేస్తారన్న భయానికి నా దగ్గర పెద్ద సమాధానం లేదు. కొందరు అలాగే వేస్తారు. పెద్దవాళ్లలో భర్త చూసి భార్య, అన్న చూసి తమ్ముడు చెయ్యెత్తడం లేదా? ఆ కారణంతో వాళ్ల ఓటును మనం తీసేయలేదు. 2014 స్వాతంత్ర్య రెఫరెండంలో స్కాట్లండ్ 16 ఏళ్లవాళ్లకు ఓటిచ్చింది, దేశ భవిష్యత్తునే వాళ్ల ముందు పెట్టింది. ఆ మాత్రం ధైర్యం సంఘానికి లేకపోవడం బాధగా ఉంది.

ఇక సమాఖ్య సంగతి. ఐర్లండ్ బాప్టిస్టులు 1895లో బ్రిటన్ యూనియన్ నుంచి విడివడి సొంత సంస్థ పెట్టుకున్నారు. ఈనాటి ఐర్లండ్ బాప్టిస్టు సంఘాల అసోసియేషన్‌లో వందకు పైగా సంఘాలున్నాయి, ఎక్కువభాగం ఉత్తరాన. దాని కార్యాలయం, బైబిలు కళాశాల బెల్‌ఫాస్ట్ దాటాక మొయిరాలో ఉన్నాయి. అక్కడి యువజన విభాగం నిర్వహించే క్యాంపులు, పరిచర్య బృందాలు విలువైనవి. ఆ పనిచేసేవాళ్ల కష్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయినా యువత విషయంలో సమాఖ్య ఏదో పథకం తెస్తుందని స్థానిక సంఘాలు ఎదురుచూడటం బాప్టిస్టు పద్ధతికే విరుద్ధం. మన సంఘాలు స్వతంత్రమైనవి. మొయిరా ఆజ్ఞాపించలేదు, ఆజ్ఞాపిస్తే మనం వినం కూడా. స్వాతంత్ర్యం అంత ప్రియమైనదైతే దాని బరువు కూడా మనదే. వారం రోజుల క్యాంపులో పదిహేనేళ్ల అబ్బాయి ఇరవైమంది చిన్నపిల్లల గుంపును నడిపిస్తాడు, ఇంటికొచ్చాక కానుకలు లెక్కపెట్టే బల్ల దగ్గర కూడా అతనికి కుర్చీ ఉండదు. ఈ తేడాను సమాఖ్య సరిచేయలేదు. నియమావళిలో వయసు గీత ఉన్న ప్రతి సంఘంలో వచ్చే వార్షిక సభలో దాన్ని తీసేయమని ఎవరో ఒక సభ్యుడు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి. గీత లేని చోట సభ తేదీ ప్రకటించేటప్పుడే, బాప్తిస్మం పొంది సభ్యత్వమున్న యౌవనస్థుల పేర్లు చదివి, వాళ్లు రావాలని పాస్టరు వేదిక మీదినుంచే చెప్పాలి. ఆ సాయంత్రం టేబుల్ టెన్నిస్ బల్ల మూసి ఉంచాలి.