తలుపు తెరచిరి, నీడ చూపరైరి

ఖైదీని విడిపించుటకు తాళము తీసిన జాలును. రోగిని విడిపించుటకు అది చాలదు. ఈ సత్యమును అమెరికా పాలకులు విస్మరించుటచే వేలకొలది అభాగ్యులు వీథుల పాలైరి.

1955లో ఆ దేశపు రాష్ట్ర పిచ్చాసుపత్రులలో సుమారు 5,58,000 మంది యుండిరి. వానిలో పెక్కు నరకకూపములే. మూయుడనిన వారిది దోషము గాదు. 1963లో అధ్యక్షుడు కెనెడీ సంతకము చేసిన శాసనము ఊరూర చికిత్సాకేంద్రములను వాగ్దానము చేసెను. 1,500 తలపెట్టిరి, సుమారు సగము మాత్రమే వెలసెను. 1965 నాటి మెడికెయిడ్ పథకము, 65 ఏండ్లలోపు రోగి పిచ్చాసుపత్రిలో నున్నంతకాలము వానికై కేంద్రప్రభుత్వపు సొమ్ము ఈయదయ్యెను. రోగిని వెడలించుటయే రాష్ట్రములకు లాభమయ్యెను! 1981లో రేగన్ ప్రభుత్వము చికిత్సాకేంద్రముల ద్రవ్యమును సైతము కుదించెను. ఆ కాలముననే నగరములలో పేదల చౌక అద్దెగదులును కూల్చబడెను. ఇక రోగి పోవు టెచ్చటికి? వీథికి, వీథి నుండి చెరసాలకు.

దీనిని స్వేచ్ఛ యందురా? మందును నీడయు లేని స్వేచ్ఛ పరిత్యాగమునకు మారుపేరు.

మన 2017 నాటి మానసికారోగ్య చట్టమును, ఇల్లు లేదను కారణముచేత రోగిని ఆసుపత్రిలో నుంచరాదనుచున్నది. మంచిమాటయే. కాని తలుపు తీయునాటికి ఇల్లును సిద్ధముగా నుండవలెను. లేనిచో అమెరికా వీథి మన వీథియే యగును.