కార్యాలయపుఁ గట్టుబాట్లు - హాస్యపు హక్కులు

కార్యాలయములందు యజమానులు ఇంటర్నెట్టులోని కొన్ని వాకిండ్లు మూసివైచుట నేఁడు పరిపాటి. సినిమాలు, క్రికెట్టు, చీరల బేరములు అచ్చట కనఁబడవు. అంతట ఉద్యోగులు "స్కోరు చూచుట రాజ్యాంగము మా కొసఁగిన హక్కు!" అని పరిహాసమాడుచుందురు.

ఈ హాస్యమున సత్యమెంత? కాశ్మీరమున ఇంటర్నెట్టు నిలిపివేసిన వ్యవహారమున 2020 జనవరి 10వ తేదీని మన సుప్రీముకోర్టు, ఇంటర్నెట్టు మూలమునఁ జేయు భావప్రకటనకును వ్యాపారమునకును 19వ అధికరణపు రక్షణ గలదనెను. అయితే ఆ తీర్పు ప్రభుత్వాజ్ఞలను గూర్చినది. కార్యాలయపు యంత్రమును గూర్చినది గాదు. తన సొత్తునకు, పనివేళకు యజమాని కట్టుబాటు చేసికొనుట మాకు తప్పుగాఁ దోఁపదు. ఉట్టి ఎత్తున కట్టిన ఇల్లాలి నెవరు నిందింతురు?

కాని తలుపు మూయుట వేఱు, తలుపుచాటున నిలిచి వినుట వేఱు. రుమేనియా దేశమున నొక యుద్యోగి తన సోదరునితోను, పెండ్లాడఁబోవు కన్యతోను జరిపిన సంభాషణలను యజమాని చదివి, 2007లో నతనిని పనినుండి తొలఁగించెను. ఆ దేశపు న్యాయస్థానము లతని యాంతరంగిక జీవితమునకుఁ దగిన రక్షణ నీయలేదని 2017 సెప్టెంబరు 5వ తేదీని ఐరోపా మానవహక్కుల న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఇట్లు గమనింతుమని అతనికి ముందుగాఁ దెలిపిరా యని విచారింపకుండుట అందొక లోపము.

కావున ఉద్యోగమునకుఁ బోవు మన బిడ్డలకు మేము చెప్పునది యిది: సినిమాకై తగవులాడవలదు. మా మాటల నెవరు చదువుదురు, ఎంతవఱకు, ఎందులకు అని మాత్రము వ్రాతమూలమున నడుగుఁడు. తల్లితోఁ జెప్పుకొను కష్టసుఖములను, ఒంటి నలఁతను కార్యాలయపు యంత్రమున వ్రాయక సొంత ఫోనునందే వ్రాయుఁడు. స్కోరు గోలలో అసలు హక్కును నవ్వులపాలు చేసికొనకుఁడు.