ఇంటి పిల్లి - పురుగుల మందు



గత వర్షాకాలంలో మహబూబాబాద్ దగ్గరి ఒక పల్లెకు కుటుంబ ప్రార్థనకు వెళ్లాను. ఆ యింటి పాప మూలన కూర్చుని ఏడుస్తున్నది. ఆమె పిల్లికి పేలు పట్టాయని, బర్రెకు గోమార్లు పోవడానికి వాడే మందునే తల్లి దానికి రుద్దిందట. సాయంత్రానికి పిల్లి నురుగు కక్కి, వణికి వణికి చనిపోయింది. "అయ్యగారూ, మందు గిన్నె పట్టుకున్నది నేనే. తప్పు నాదేనా?" అని అడిగింది. "కాదు బిడ్డా, పెద్దవాళ్లకే తెలియలేదు" అన్నాను.

తల్లి ప్రేమతోనే చేసింది. కాని ప్రేమకు తెలివి తోడుండాలి. పర్మెత్రిన్ వంటి మందును కుక్క తట్టుకుంటుంది. పిల్లి కాలేయం దానిని అరిగించలేదు. పైగా పిల్లి తన ఒళ్లు తానే నాకుతుంది గనుక ఒంటిమీద పడినది కడుపులోకి పోతుంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016లో వేర్వేరు జిల్లాలైనా మన యిండ్ల తీరు ఒక్కటే. పత్తికో మిర్చికో మందు కొట్టి, ఆ బట్టలు గడపలో విప్పుతాము. పిల్లి వాటి మీదనే పడుకుంటుంది. బట్టలు వెంటనే ఉతకండి. పంపు, డబ్బాలు తాళం వేసి పెట్టండి. అది పిల్లలకూ క్షేమము.

పేలు పడితే దువ్వెనతో దువ్వి, సబ్బు నీళ్లలో ముంచి చంపండి. పిల్లి పడుకునే గుడ్డను వేడినీళ్లలో ఉతకండి. మందు కావలసివస్తే పశువైద్యుణ్ణి అడిగి, పిల్లులకని తయారైనదే వాడండి. ఫినాయిల్, కలరా ఉండలు దాని దగ్గర ఉంచకండి. తేనెటీగ కుడితే ముల్లు గీకి తీసి తడిగుడ్డ వేయండి. మొహం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఆస్పత్రికి తీసుకుపొండి. నొప్పికని పారాసిటమాల్ ఇవ్వకండి, అది పిల్లికి విషమే. పురుగుల మందు ఒంటిపై పడితే గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, వెంటనే వైద్యుని చేరండి.

మన 66 పుస్తకాల బైబిలులో ఇంటి పిల్లి మాట లేదు. అయినా నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని లెక్కచేస్తాడని సామెతలు 12:10 నేర్పుచున్నది. గింజల బస్తాల దగ్గర ఎలుకలను కాసే ఈ చిన్న ప్రాణి మన చేతికి అప్పగింపబడినదే. ఆ పాప ఇప్పుడు మరో పిల్లికూనను పెంచుతున్నది. దువ్వెన ఆమె చేతిలోనే ఉంది.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.