పేరు చూసి ప్రాసెస్‌ను చంపొద్దు

సర్వర్‌లో ఏదైనా ప్రోగ్రామ్ మొరాయిస్తే లినక్స్ తెలిసినవాళ్లు ముందుగా దాని పేరుతో వెతుకుతారు. పీగ్రెప్ కమాండ్‌కు పేరు ఇస్తే సరిపోలిన ప్రాసెస్‌ల నంబర్లు చూపిస్తుంది. దాని తోబుట్టువు పీకిల్ అలాగే వెతికి, మారుమాట అడగకుండా వాటిని ఆపేస్తుంది. 1998లో సోలారిస్ 7తో వచ్చిన ఈ జంట ఇప్పుడు లినక్స్‌లో నిత్యావసరం. అయితే పేరు తెలిస్తే ప్రాసెస్ దొరికినట్టే అనుకోవడం పొరపాటు. వెతకడానికి పేరు చాలు, ఆపడానికి చాలదు.

లినక్స్ కెర్నల్ ప్రాసెస్ పేరులో మొదటి 15 ఇంగ్లీషు అక్షరాలనే దాచుకుంటుంది. నోటిఫికేషన్-సర్వీస్ అనే ప్రోగ్రామ్ పేరులో గీతతో కలిపి 20 అక్షరాలు. కెర్నల్ దగ్గర అది నోటిఫికేషన్-ఎస్‌ఈ దగ్గరే తెగిపోతుంది. పూర్తి పేరుతో వెతికితే ఏమీ దొరకదు. కొత్త వెర్షన్లు హెచ్చరిస్తాయి నిజమే, కానీ రాత్రి రెండింటికి తనంతట తానే నడిచే స్క్రిప్టు ఆ హెచ్చరికను చదవదు. దొరకలేదు కాబట్టి ఆగిపోయిందనుకుని రెండో కాపీని లేపుతుంది. ఒకే మెసేజ్ జనానికి రెండుసార్లు వెళ్లేది ఇలాంటప్పుడే. దీనికి విరుగుడుగా చాలామంది మొత్తం కమాండ్ లైన్‌లో వెతికే మైనస్ ఎఫ్ వాడతారు. పైథాన్ ప్రోగ్రామ్‌లకు అది తప్పదు కూడా, ఎందుకంటే వాటి పేరు తరచూ పైథాన్3 అనే కనిపిస్తుంది. కానీ అప్పుడు ఆ ప్రోగ్రామ్ ఫైలును ఎడిటర్‌లో తెరిచినవాళ్లూ, దాని పేరున్న లాగ్‌ను చూస్తున్నవాళ్లూ వలలో పడతారు. పీగ్రెప్ తనను తాను లెక్కలోంచి తీసేస్తుంది గానీ, తనను పిలిచిన షెల్‌ను మామూలుగా తీసేయదు. ఆ షెల్ కమాండ్ లైన్‌లోనూ వెతుకుతున్న పేరుంటే, ఆగిపోయిన ప్రోగ్రామ్ కూడా నడుస్తున్నట్టే లెక్క తేలుతుంది. ఈ రెండో తప్పు మరీ ప్రమాదం, ఎవరికీ అనుమానం రాదు.

మనం ఇచ్చేది పేరు కాదు, ప్యాటర్న్. అది పేరులో ఎక్కడ కనిపించినా చాలు. రూట్ అధికారంతో పీకిల్ ఎస్‌ఎస్‌హెచ్ అని కొడితే ఎస్‌ఎస్‌హెచ్‌డీ కూడా పోతుంది. దూరం నుంచి ఆ సర్వర్‌లోకి వెళ్లే తలుపు అదే. అచ్చంగా అదే పేరు కావాలంటే మైనస్ ఎక్స్ ఇవ్వాలి.

అనుభవజ్ఞులు ఇలా పొరబడరని కొందరంటారు. కానీ స్క్రిప్టు రాసినవాళ్ల అనుభవం అది నడిచే వేళ పక్కన నిలబడదు. ప్రాసెస్ నంబరును ఫైలులో రాసి పెట్టుకుంటే చాలదా అంటే, ఆ ప్రాసెస్ పోయాక కెర్నల్ అదే నంబరు మరొకదానికి ఇవ్వొచ్చు. ఆ అభ్యంతరం నా వాదననే బలపరుస్తుంది: ప్రోగ్రామ్‌ను లేపినవాడికే దాన్ని ఆపే బాధ్యత ఉండాలి. లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీ చేసేది అదే. తాను లేపిన సర్వీసులోని ప్రాసెస్‌లన్నిటినీ ఒక గుంపుగా గుర్తుంచుకుంటుంది, పేర్లతో దానికి పని లేదు. అన్నీ సిస్టమ్‌డీ కింద ఉండవు, ఒప్పుకుంటాను. అలాంటి చోట పీగ్రెప్ మైనస్ ఏతో పూర్తి కమాండ్ లైన్లు చూసి, అవసరమైతే మైనస్ యూతో వెతుకులాటను ఒక యూజర్‌కే కుదించి, కళ్లతో పోల్చుకున్నాకే నంబరు ఇచ్చి ఆపాలి.

అమీర్‌పేటలో గానీ, కాలేజీ ల్యాబుల్లో గానీ లినక్స్ నేర్పేవారికి ఒక్క విన్నపం. పీగ్రెప్ చూపించిన జాబితాను విద్యార్థి వరుస వరుసా చదివి చెప్పగలిగాకే పీకిల్ నేర్పండి.