అప్పు తీర్చిన యిల్లాలి మాట

ఋణమాఫీ యను మాట యిప్పుడు మన యిండ్లలో ఉప్పు, పప్పులవలె నిత్యవ్యవహారమైపోయినది. మాఫీ పొందినవారి సంతోషమును పత్రికలు వర్ణించును. నోరు కట్టుకొని, కడుపు కట్టుకొని వాయిదా తప్పక చెల్లించిన యిల్లాలిని మాత్ర మెవ్వరును దలంపరు. ఈ నెల నామెనుగూర్చి నాలుగు మాటలు వ్రాయనెంచితిమి.

నంద్యాల జిల్లాలోని ప్యాపిలివంటి గ్రామమును దీసికొందము. వానపై నాధారపడిన మెట్టసేద్యము. వేరుసెనగ పండిన యేడు పండుగ, ఎండిన యేడు వలస. ఇట్టి సీమలో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ యప్పుతో నిల్లు కట్టుకొన్న రెండు కుటుంబముల నూహింపుడు. ఒక యిల్లాలు చెవికమ్మ లమ్మియైనను బాకీ తీర్చినది. పొరుగింటివారు వరుస కరవులకు దాళజాలక మానివేసిరి. వడ్డీ పెరిగి యసలును మించినది.

2021 డిసెంబరు 21వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తణుకులో సంపూర్ణ గృహహక్కు పథకమును బ్రారంభించెను. 1983 మొదలు 2011 వరకు నప్పు పొందినవారు గ్రామములలో రూ. 10,000, పురపాలక సంఘములలో రూ. 15,000, నగరములలో రూ. 20,000 చెల్లించినచో తక్కిన బాకీ కొట్టివేసి, యిల్లు వారి పేర రిజిస్టరు చేయుదుమనిరి. అప్పుడు మొదటి యిల్లాలు, "నా కమ్మల మాటేమి?" యని యడిగిన, దాని నసూయ యనవచ్చునా? అనరాదు. ఆమె తన బాకీ తీర్చుకొన్నది. పొరుగువారి బాకీ భారమును పన్నుల రూపమున మరల మోయుచున్నది.

అట్లని పొరుగామెను నిందించుటయు న్యాయము కాదు. వాన కురియకుండుట యామె తప్పు కాదు. ఏండ్లతరబడి పేరుకొన్న యా వడ్డీ వసూలగునది కాదు; లెక్కల పుస్తకములలో నుండు నంకె మాత్రమే. హక్కుపత్రము లేని యిల్లు ఆపదలో బ్యాంకువారికి హామీగా నుపకరింపదు. బిడ్డల కీయవలెనన్నను చిక్కే. కావున నుపశమనము తప్పు కాదు. చెల్లించినవారిని మరచుటయే తప్పు.

ఈ తగవు మనకే పరిమితము కాదు. 2009లో అమెరికా అధ్యక్షుడు ఒబామా యిండ్ల తాకట్టు బాకీలలో జిక్కినవారికై 7,500 కోట్ల డాలర్ల సాయము ప్రకటింపగా, సక్రమముగా గట్టుచున్నవా రిదే ప్రశ్న వేసిరి.

మన పూర్వచరిత్ర యిందులకు దారి చూపుచున్నది. కర్నూలు జిల్లా మదరాసు రాజధానిలో నున్న కాలమున, 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము రైతుల ఋణోపశమన చట్టము చేసెను. 1932 అక్టోబరు 1వ తేదీకి పూర్వపు టప్పులపై, 1937 అక్టోబరు 1 నాటికి నిలిచిన వడ్డీ రద్దయ్యెను. అసలునకు రెట్టింపు ముట్టియుండిన నప్పంతయు దీరినట్లే యెంచిరి. అనగా రైతు చెల్లించిన ప్రతి రూపాయియు లెక్కకు వచ్చినది. 2008లో కేంద్ర ప్రభుత్వము రైతుఋణములను మాఫీచేసినపుడు, రాజశేఖరరెడ్డిగారి ప్రభుత్వము సకాలమున జెల్లించిన రైతులకు రూ. 5,000 చొప్పున నిచ్చెను. సొమ్ము స్వల్పమే, కాని "మిమ్ము మరువలే"దను మాట యందు గలదు. పొదుపు సంఘములలో వాయిదా తప్పని సోదరీమణులకు వడ్డీ తిరిగి యిచ్చు పద్ధతియు నిట్టిదే.

కావున మా యభిప్రాయ మిది. కరవు, రోగము, సంపాదించువాని మరణము - ఇట్టి కారణములు చూచి మాఫీ చేయవలెను; ఎన్నికల తేదీ చూచి కాదు. మాఫీ చేసిన ప్రతిసారియు, అంతకుముందే బాకీ తీర్చినవారికి హక్కుపత్రము రుసుము లేకుండ నిచ్చి, కొంత ప్రతిఫలమును గూడ జూపవలెను. అట్లు చేయనిచో, "కట్టినవారు వెఱ్ఱివారు" అను పాఠము బిడ్డలు నేర్తురు; తరువాతి యప్పు పుట్టుట బీదవారికే కష్టమగును.

సోదరీమణులారా! మాఫీ వచ్చునను నాసతో వాయిదా మానకుడు. సంఘములో నొకరు తప్పిన, ఆ భారము తక్కినవారందఱిపై బడును. కట్టిన ప్రతి రసీదును భద్రపఱచుడు. బాకీ తీరినదను పత్రము నడిగి తీసికొనుడు. ఇంటి హక్కుపత్రమున మీ పేరున్నదో లేదో మీరే చదివి చూచుకొనుడు. నిజాయితీకి ప్రతిఫల మడుగుట సిగ్గుపడవలసిన పని కాదు. అది మీ హక్కు.