మూడో శనివారం ఎవరికి వీలు?
ప్రభుత్వ బడుల్లో నెలనెలా మూడో శనివారం తల్లిదండ్రుల సమావేశం పెట్టాలన్న నిర్ణయం మంచిదే, కానీ ఆ రోజు యాదగిరిగుట్టకు కుదరదు. శని, ఆదివారాల్లో కొండకు భక్తుల తాకిడి ఎక్కువ. కొబ్బరికాయల దుకాణం, ఆటో, హోటల్ పనితో బతికేవారు ఆ పూట మానుకుంటే రాబడికే గండి. అందుకే వారు సమావేశానికి రాలేరు; దాంతో హాజరు, సెలవు చీటీ, ఇంటిపని నియమాలేవీ ఇల్లు చేరవు. సమావేశానికి బదులు చదువురాని తల్లితో నోటుపుస్తకంలో సంతకం పెట్టించి ప్రయోజనం లేదు. ఆమె ఎదుట పిల్లచేత తెలుగు వాచకంలో నాలుగు వాక్యాలు చదివించాలి, ఎక్కడ తడబడుతోందో చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులకే ఇచ్చింది. సమావేశం ఎప్పుడో తేల్చుకునే అధికారమూ వారికే ఉండాలి. గుట్ట బడుల్లో వారం మధ్యలో, సాయంత్రం పూట జరుపుకొనేందుకు జిల్లా విద్యాధికారి వెంటనే అనుమతించాలి.