విద్యార్థి సలహాదారులకు శిక్షణ ఎక్కడ?

రైలింజను నడిపే ఉద్యోగానికి వచ్చిన యువకుడు రాతపరీక్షలో నెగ్గినంత మాత్రాన చాలదు. అతని ఏకాగ్రతను, మనోనిబ్బరాన్ని కొలిచే పరీక్షను రైల్వే పరిశోధనా సంస్థ ఆర్.డి.ఎస్.ఓ. రూపొందించింది. అది దాటిన పిమ్మట శిక్షణ ఉండనే ఉన్నది. ఇది సబబే. కాని కళాశాలలో వేలాది యువతీయువకుల మనఃక్లేశాలను వినవలసిన వ్యక్తి ఏమి చదివాడు, ఎవరి వద్ద నేర్చాడు అని అడిగే నాథుడు చాలాచోట్ల లేడు.

జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. విశాఖపట్నంలో నీట్ పరీక్షకు చదువుతున్న 17 ఏళ్ళ విద్యార్థిని 2023లో మరణించిన కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పు చెప్పింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోను అర్హత గల ఒక సలహాదారు గాని, మనస్తత్వ నిపుణుడు గాని, సామాజిక కార్యకర్త గాని ఉండాలని ఆదేశించింది. మంచి ఆదేశమే. అయితే ఇన్ని వేల సంస్థలకు అర్హులను ఎక్కడినుండి తెస్తారు? చివరకు ఖాళీగా కనిపించిన ఒక అధ్యాపకుని గదికి కొత్త బోర్డు తగిలించి, ఆదేశం అమలైనదని వ్రాసి పంపుతారు.

కౌన్సెలింగ్ అనగానే మనవారికి ఇంజనీరింగు సీట్ల కేటాయింపు తప్ప మరొకటి స్ఫురించదు. అసలు పని వేరు. హాస్టలు, స్కాలర్‌షిప్పు, ర్యాగింగు, కుల వివక్ష, ఇంగ్లీషులో పాఠం అందక వెనుకబడటం, ఇవన్నీ కలిసి ఒక విద్యార్థిని కుంగదీస్తాయి. వీటిని విడదీసి చూడగల మనిషి కావాలి. ఎన్.సి.ఇ.ఆర్.టి. డిప్లొమా పాఠశాలలను ఉద్దేశించినది. క్లినికల్ సైకాలజీ కోర్సులు వైద్యశాలల వైపు చూస్తాయి. నడుమనున్న కళాశాల మిగిలిపోయింది. విద్యార్థిని పాఠం నేర్చే బుద్ధిగా మాత్రమే గాక సంపూర్ణ వ్యక్తిగా చూడాలని అమెరికన్ విద్యామండలి నివేదిక 1937లోనే చెప్పింది. అక్కడి విశ్వవిద్యాలయాలలో ఈ పనికే ప్రత్యేకంగా స్నాతకోత్తర కోర్సులున్నాయి. ఆ దేశపు ఫీజులు మనకు వద్దు, ఈ ఒక్కటి నేర్చుకుందాం.

భిలాయినే తీసుకొందాం. మన రైల్వేలకు ప్రధానంగా పట్టాలు సమకూర్చే ఊరు ఇది. 1955లో సోవియట్ ఒప్పందం కుదిరిన పిమ్మట, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నెస్ ప్రారంభోత్సవం జరిగింది. ఈ కర్మాగారం కోసం మన ఇంజనీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్ళి శిక్షణ పొంది వచ్చారు. కొలిమి ముందు కట్టి, మనుషుల సంగతి తరువాత చూద్దామని ఎవరూ అనలేదు. నేడు ఇక్కడ 2016లో ఆరంభమైన ఐ.ఐ.టి. ఉన్నది, సాంకేతిక విశ్వవిద్యాలయం ఉన్నది, వీధివీధికీ కోచింగు కేంద్రాలున్నాయి. తొలినాళ్ళలోనే వచ్చి స్థిరపడిన తెలుగు కార్మికుల మనుమలు కూడా ఆ బెంచీలమీదే కూర్చుంటున్నారు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, తరగతిలో ఇంగ్లీషు. ఆ పిల్లవాడు తన బాధను ఏ భాషలో చెప్పుకోవాలి?

దుర్గ్‌లోని హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయం రెండేళ్ళ స్నాతకోత్తర కోర్సు ప్రారంభించవచ్చు. సెక్టారు 9 ఆసుపత్రిలోను, హాస్టళ్ళలోను అనుభవజ్ఞుల పర్యవేక్షణలో పని నేర్పవచ్చు. కార్మిక కుటుంబాల నుండి వచ్చి ఇక్కడి భాషలు తెలిసిన పట్టభద్రులకు అందులో చోటు దక్కాలి.

శిక్షణ పొందిన తరువాత ఏమిటన్నది మరొక ప్రశ్న. పదకొండు నెలల కాంట్రాక్టుపై వచ్చేవారికి విద్యార్థి తన రహస్యం ఎందుకు చెబుతాడు? వచ్చే ఏడు ఆ కుర్చీలో ఎవరుంటారో తెలియదు గదా. అంతకంటె ప్రమాదం, సలహాదారునే క్రమశిక్షణ సంఘంలో సభ్యునిగా వేయడం. ఉదయం విన్నది సాయంత్రం ఫైలులోకి ఎక్కితే మరునాడు ఆ గుమ్మం తొక్కేవారుండరు. కనుక ఇది వేతన స్కేలు గల శాశ్వత ఉద్యోగం కావాలి. విన్న మాటను గోప్యంగా ఉంచే హక్కు సర్వీసు నిబంధనలలోనే ఉండాలి. డబ్బు లేదనే యాజమాన్యాలు తాము వసూలు చేసే ఫీజుల పట్టిక ముందు పెట్టి మాట్లాడటం మంచిది.

రైల్వే, తపాలా ఉద్యోగుల పిల్లలు తండ్రి బదిలీతో ఊరు మారి, బడి మారి, స్నేహితులను విడిచి పెరిగినవారు. ఈ విషయం మన బ్రాంచి సమావేశాల అజెండాలోకి రావాలి. మీ పిల్లలు చదివే కళాశాలకు వెళ్ళి సలహాదారు ఎవరు, అర్హత ఏమిటి, ఉద్యోగం శాశ్వతమా అని లిఖితపూర్వకంగా అడగండి. జవాబులను కేంద్ర కార్యాలయానికి పంపండి. ఈలోగా టెలి మానస్ ఉచిత సహాయ నెంబరు 14416ను ప్రతి యూనియన్ ఆఫీసు నోటీసు బోర్డుమీద పెట్టించండి. అక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు.